కొయ్యకుండా ఉంచిన వరుస

తోటచెత్త వేసే పచ్చమూత డబ్బాలను ఎత్తుకుపోయే లారీ మా వీధిలోకి వచ్చినప్పుడల్లా నా చూపు పక్కింటి వాకిలి వైపే పోతుంది. ఆ లారీ ఇనుపచేయి చాచి, డబ్బాను పైకెత్తి, బోర్లించి, తిరిగి నేలమీద పెట్టేవరకు అక్కడ ఒక మనిషి కదలకుండా నిలబడి చూసేది. తలకు నీలిరంగు ఊలు టోపీ, ఒంటిమీద కొడుకు పాత చలికోటు, దాని కింద పూలచీటీ గౌను, కాళ్ళకు రబ్బరు బూట్లు. లారీ మలుపు తిరిగాక, పెళ్ళివారిని సాగనంపిన ఇల్లాలి వలె రెండు చేతులూ దులుపుకొని, "ఎల్లిపోనాది" అనేది. ఎవరితో అనేదో అప్పట్లో నేను ఆలోచించలేదు.

ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఇళ్ళన్నీ ఒకే వయసువి. ఒకే బూడిదరంగు కప్పులు, మధ్యలో మనిషెత్తు ఇనుపరేకు కంచెలు, వాటి వెనుక చాపంత పెరడు. ఉద్యోగ విరమణ చేసి మా అమ్మాయి దగ్గరకు వచ్చి చేరిన తొలి శీతకాలమది. ఋతువులు మనకు తలకిందులుగా నడిచే ఈ దేశంలో జూన్ జూలైలే చలినెలలు. తెల్లవారకముందే అమ్మాయీ అల్లుడూ పారమట్టా రైలు అందుకునేవారు. మనుమరాలు బడికి వెళ్ళేది. జీవితమంతా తరగతి గదుల్లో గొంతెత్తి పాఠం చెప్పిన నాకు, పొద్దున్న మొదలుకొని సాయంత్రం వరకు నోరు విప్పవలసిన అవసరమే లేకపోయింది. నిశ్శబ్దాన్ని వర్ణించిన పద్యాలు ఎన్నో పిల్లలకు బోధించాను. అది ఇంత పొడవుంటుందని మాత్రం ఎరుగను.

ఆమెను నేను మొదట చూడలేదు, విన్నాను. కంచెకు అవతల ఒక్క వేటుతో ఏదో తెగిన చప్పుడు. కాసేపు విరామం. ఆ తరువాత ఉమ్మిన శబ్దం. ఆపైన ఒక గొంతు, విసుగ్గా: "థూ. రసమే నేదు."

చేతిలో ఆరవేయబోతున్న తువ్వాలు అలాగే ఉండిపోయింది. చిన్ననాడు విజయనగరం సంతల్లో విని, చదువు పెరిగినకొద్దీ చెవి మరిచిపోయిన పలుకది. ఖాళీ పూలకుండీ ఒకటి బోర్లించి, దానిమీద ఎక్కి కంచెపైనుంచి తొంగిచూశాను.

"ఏమండీ, మీరు తెలుగువారా?"

ఆమె ఉలిక్కిపడలేదు. చేతిలో వంపుకత్తి అలాగే పట్టుకొని, నన్ను కాదు, నా కింద ఉన్న కుండీని కంచె సందులోంచి చూసింది.

"నాను ఫిజీదాన్ని. మా నాయనమ్మది తెలుగు. నువ్వెవులు?"

"తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. మా అమ్మాయి దగ్గరకు వచ్చాను."

"పంతులమ్మవా. అయితే దిగు, కుండీ పగులుద్ది. గేటు కాడకొచ్చి మాటాడు."

ఆనాటినుంచి ఆమెకు నేను పంతులమ్మను. నేను ఆమెను వదినగారూ అని పిలవబోతే నవ్వి, "ఒదినంటే మీ అన్నేడీ? తీసుకురా, సూస్తాను" అంది. అయినా అదే పిలుపు నిలిచిపోయింది.

ఆమె తెలుగు పుస్తకాలు చూసినది కాదు. ఒకప్పుడు మనవాళ్ళు కూలికి వెళ్ళిన ఫిజీలో, చెరకు తోటల నడుమ నాయనమ్మ నోటినుంచి ఆమె నోటికి వచ్చి, అక్కడే ఆగిపోయిన తెలుగు. కొడుకుతో ఫిజీ హిందీ, కోడలితో ఇంగ్లీషు, మొక్కలతో మాత్రం తెలుగు. నాయనమ్మ పోయింది, ఆ మాటలు కొంత ఎరిగిన భర్తా పోయాడు, ఆపైన జవాబు చెప్పే నోరు లేక ఆ భాషను మొక్కలకు అప్పజెప్పిందేమో అనుకునేదాన్ని. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కొక్కచోట ఆగిపోయేది. కావలసిన మాట దొరికేది కాదు. అప్పుడు అరచేత్తో గాలిని అడ్డంగా తుడిచేది, పలక తుడిచినట్టు. ఆ మాట లేకుండానే ముందుకు సాగేది. నేను మాట అందిస్తే దాన్ని నోట్లో ఒకసారి తిప్పిచూసి, చాలాసార్లు తిరిగి ఇచ్చేసేది. "అది నీ పుస్తకాల మాట. మాకొద్దు."

ఆమె పెరట్లో కంచె వారగా, చిన్న ఎర్రపళ్ళు కాసే రాస్ప్‌బెర్రీ మొక్కల వరుస ఒకటి ఉండేది. విల్లామెట్ అనే రకం. సంతలో ఎవరో అమ్మితే కొన్నదట. రెండు కొయ్యలు పాతి, మధ్య తీగలు లాగి, కాడలను వాటికి మెత్తని గుడ్డపేలికలతో కట్టేది. ఇక్కడి ఎండాకాలపు వడగాలికి ఆకులు మాడకుండా పైన నీడవల కప్పేది. మొదళ్ళలో గడ్డి పరిచేది. పొద్దున్నే వేరుకు మాత్రమే అందేలా నీళ్ళు పోసేది. ఏ తల్లీ బిడ్డకు అంత ఒద్దికగా తల దువ్వదు.

శీతకాలం వచ్చేసరికి ఆ చేతులే వేరుగా మారేవి. ముళ్ళున్న కాడలను గుప్పెడు గుప్పెడుగా ఎడమచేత పట్టి, నడుము వంచి, నేలకు ఆనించి ఒక్క వేటు. కోసిన కాడను తిప్పి, తెగిన కొసను నాలుకకు ఆనించి, ఉమ్మి, "రసమే నేదు." తరువాతి గుప్పెడు. ఆకులు దూసి నేలమీద పరిచేది. కాడలను ఒక పొడవుకు నరికి, జనపతాడుతో మోపులు కట్టి, పచ్చమూత డబ్బాలో నిలువునా పేర్చేది. మూత పడేది కాదు. కొడుకు వచ్చి తలపట్టుకొని, మూత మూయకపోతే లారీ తీసుకుపోదని ఇంగ్లీషులో వేడుకునేవాడు. ఆమె నావైపు తిరిగి, "మిల్లు లారీ ఎంతెత్తుకునేదో వీడికేం తెల్సు" అని, ఒక్క మోపు మాత్రం తీసి పక్కన పెట్టేది.

ఇది ఈ మొక్కకు జరగవలసిన సంస్కారమే కాబోలనుకున్నాను నేను. వసంతంలో కొత్త కాడలు పుట్టి, వేసవికి మనిషెత్తు పెరిగేవి. ఆకులకు కొదవ లేదు. పువ్వు మాత్రం ఒక్కటీ పుయ్యలేదు. నేను రాకముందు ఏళ్ళలోనూ అంతేనట.

ఆమె కొడుకు మంచివాడు. గిడ్డంగిలో పని, పసుపుపచ్చ మెరుపు చొక్కా, తల్లిముందు ఎప్పుడూ గొంతెత్తని మనిషి. పనిముట్లు పెట్టుకోవడానికి అతనికొక షెడ్డు కావాలి. పెరట్లో దానికి తగిన చోటు ఆ కంచె వార ఒక్కటే. "ఇంకొక్క ఏడాది చూద్దాం మమ్. కాయ కాస్తే మొక్కలు ఉంటాయి, లేకపోతే షెడ్డు" అన్నాడట. ఆమె గేటు దగ్గరకు వచ్చి ఆ సంగతి చెప్పింది.

"వాడు అన్నది తప్పు గాదు. కాయని తోట ఎవులుంచుతారు? గానీ నాకీ దేశంలో ఉన్న పొలం ఇదే పంతులమ్మా. ఇది దాటి అడుగేస్తే కాంక్రీటే."

అని, పాదంతో నేలమీద గీత గీసి చూపించింది. ఆ గీత ఆమె గౌను అంచుకంటే పెద్దది కాదు.

మా అమ్మాయికి చెప్పాను. "అమ్మా, దానికేం, సాటర్‌డే నర్సరీకి డ్రైవ్ చేస్తా. ఆంటీని కూడా రమ్మను. అక్కడ స్టాఫ్‌ని అడిగితే చెప్తారు" అంది. ఆ శనివారం ముగ్గురం వెళ్ళాం. వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఒక నడివయసు ఆమె మమ్మల్ని పలకరించి, శీతకాలంలో మొక్కను ఎంతవరకు కత్తిరిస్తారని అడిగింది. మా వదినగారు అరచేతి అంచును తన చీలమండకు ఆనించి చూపింది.

టోపీ ఆమె నవ్వి చాలాసేపు వివరించింది. మా అమ్మాయి అటు విని ఇటు చెప్పింది. "ఆంటీ, ఈ వెరైటీకి ఈ ఇయర్ వచ్చిన స్టెమ్‌కి ఓన్లీ ఆకులే వస్తాయంట. అది వింటర్ అంతా అలా నిలబడి ఉంటే, నెక్స్ట్ సమ్మర్‌కి దానిమీదే ఫ్రూట్ వస్తుంది. మీరు అవే కట్ చేసేస్తున్నారు. జస్ట్ లీవ్ దెమ్. అంతే, సింపుల్."

చిక్కు విడిపోయిందని నాకు సంతోషం కలిగింది. ఆమె ముఖంలో సంతోషం లేదు. అమ్మాయి గులాబీల వైపు వెళ్ళాక, పేర్చిన ఎరువు బస్తాలమీద ఇద్దరం కూర్చున్నాం. ఆమె తన అరచేతుల్లోని ముళ్ళగీతలు చూసుకుంటూ ఉంది.

"నాకు తెలుసు," అంది.

"ఏమిటి?"

"కొన్నప్పుడే సెప్పినాడు ఆ అమ్మినోడు. పాత కాడ ఒగ్గీ, కొయ్యకు అని. తెలుసు."

"తెలిసి మరి?"

గాలిని అరచేత్తో తుడిచింది. ఈసారి తుడిచిన తరువాత ముందుకు సాగలేదు. కొంతసేపటికి తనంత తానే చెప్పింది.

"అక్కడ ఫిజీలో జూన్ నెల్లో సెరుకు మిల్లు తెరుస్తారు. ఆ ఏడాది గొడవలు, మనోళ్ళని దేశం ఒగ్గి పొమ్మని. మిల్లు తెరవకముందరే మా ఆయన టికెట్లు తెచ్చీసినాడు. సెరుకంతా నిలబడే ఉన్నాది. ఎవులు కోసినారో, అసలు కోసినారో నేదో. ఇమానం పైకెళ్ళి ఇలా వంగినాది సూడు, అప్పుడు కిటికీలోంచి కనపడినాది. తెల్లగా పువ్వు తీసీసి ఊగుతన్నాది. మనిషి నేడు." మళ్ళీ అరచేతులు చూసుకుంది. "సలికాలంలో కాడ నిలబడి ఉంటే నాకు అదే కనపడతాది. కోసీసినాక నిద్ర పడతాది."

"ఇవి చెరకు కావు గదా వదినగారూ" అన్నాను.

"కాదని నాలిక్కి తెలుసు. సెయ్యికి తెల్దు."

ఆ కొసలను నాలుకకు ఎందుకు ఆనించేదో నాకు అప్పుడు బోధపడింది. చెయ్యి అడిగిన ప్రశ్నకు నాలుక ఏటేటా అదే జవాబు చెబుతోంది. చెయ్యి నమ్మడం లేదు.

ఓదార్చడానికి నాకున్న భాష అంతా వెతుక్కున్నాను. పనికివచ్చేది ఒక్క మాటా లేదు. లేచి, నా బడి ఇంగ్లీషుతో ఆ టోపీ ఆమె దగ్గరకు వెళ్ళి, ప్రతి శీతకాలం మొదలంటా కోసి తీరవలసిన రకం ఏదైనా ఉందా అని అడిగాను. కోయనక్కరలేని రకాన్నే అందరూ అడుగుతారేమో, ఆమె నన్ను వింతగా చూసింది. తరువాత చెయ్యి ఊపి వెంట రమ్మంది. హెరిటేజ్ అనే రకమట. ఆ ఏడాది పుట్టిన కాడ కొసనే ఆ శరదృతువులో కాస్తుంది. శీతకాలంలో అంతా నేలమట్టం చేస్తేనే దానికి మేలు.

తడిసిన రంపపుపొట్టులో చుట్టిన వేర్లతో, పైకి ఎండుపుల్లల్లా ఉన్న ఆ మొక్కలను కారులో ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది ఆమె. మా వీధి మలుపు తిరుగుతుండగా, "దీన్ని కోస్తే తప్పు నేదు గదా?" అంది.

"కోయకపోతేనే తప్పట."

"ఇలాటిది ఉన్నాదని ఆ అమ్మినోడు సెప్పనేదు" అంది. అది ఫిర్యాదో, ఊరటో తెలియని గొంతు.

పాత వరుస ముందు ఉన్న జానెడు చోటులో కొత్తవి నాటింది. ఆ వారంలోనే పాతవాటిని మళ్ళీ మొదలంటా కోసింది. నేను వాళ్ళ గేటు దగ్గర నిలబడి ఉండటం చూసి, "ఇంకొక్కసారి" అంది, చిన్నపిల్ల తల్లిని అడిగినట్టు.

ఇక్కడ శరత్తు మొదలయ్యే మార్చి నెలలో హెరిటేజ్ కాసింది. కాడల చివర్లలో, ఆకుల చాటున, ముదురు ఎరుపు. నన్ను కేకవేసి పిలిచి, నేను వెళ్ళేవరకు కొయ్యకుండా ఆగింది. రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగితే తెల్లని మొగ్గలాంటి బొడిపె మొక్కకే ఉండిపోయి, పండు లోపల బోలుగా చేతికి వచ్చింది. ఆమె దాన్ని చిటికెనవేలికి టోపీలా తొడుక్కొని చూసుకుంది. నేను ఆమెను ఎరిగిన కాలమంతటిలో పళ్ళు కనిపించేలా నవ్వడం అదొక్కసారే చూశాను.

సాయంత్రం కొడుకు పనినుంచి వచ్చి కారు దిగీదిగకముందే ఒక పండు అతని వేలికి తొడిగింది. అతను తిని, పులుపుకు ముఖం ముడుచుకొని, "సోర్, మమ్" అన్నాడు. మరొకటి తన చేత్తోనే కోసుకున్నాడు. షెడ్డు కొలతలు వాకిలి పక్కకు మారిపోయాయి. ఆ సంగతిని ఆ ఇంట్లో ఎవ్వరూ పైకి అనలేదు.

పొలం నిలిచింది గనుక ఇక్కడితో కథ ముగిసిందని నేను అనుకున్నాను. ఆమె అనుకోలేదు. తరువాతి జూలైలో కొత్త వరుసను కోసింది. గుప్పెడు, వేటు, నాలుక, ఉమ్మి, మోపు. డబ్బా మూత పడేంతవరకే పేర్చింది ఈసారి. లారీని సాగనంపి, "ఎల్లిపోనాది" అని, లోపలికి వెళ్ళకుండా పాత వరుస ముందు ఆగింది. ఎడమచేత గుప్పెడు కాడలు పట్టింది. నడుము వంచింది. వంచిన నడుము చాలాసేపు అలాగే ఉంది. దగ్గరకు వెళ్దామా అని నాకు అనిపించింది గాని, అది నేను ప్రవేశించదగిన చోటు కాదు.

లేచి నిలబడి, నేను ఉన్న గేటు దగ్గరకు వచ్చి, కత్తిని పిడి నావైపు ఉండేలా తిప్పి అందించింది.

"నీకాడ ఉంచు. నా ఇంట్లో ఉంటే కోసీస్తాను."

"మళ్ళీ ఎప్పుడు ఇవ్వమంటారు?"

"కాయలయ్యాక. కాసినాక అదే ఎండిపోద్దంట గదా. అప్పుడు కొయ్యొచ్చు."

ఆ శీతకాలమంతా ప్రతి ఉదయం ఒకే సంభాషణ. ఊలు టోపీ మా గేటుకు అవతల కనిపించేది. "కత్తి ఉన్నాదా?" "ఉంది." "ఇయ్యకు." వెళ్ళిపోయేది. మంచు బాగా కురిసిన ఒక ఉదయం మాత్రం టోపీ లేకుండా వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇచ్చీ పంతులమ్మా."

"కాయలు కాలేదు."

"నా కత్తి నాకిచ్చీ. నిద్ర నేదు నాకు."

"వేసవి రానివ్వండి."

"నీకేటి తెల్సు" అంది. తెలుగులో కసిరింది, ఆపైన హిందీలో ఏదో అంది, ఆ రెండూ చాలక ఇంగ్లీషులో "గో అవే" అంది, గేటు నాదైనప్పటికీ. తరువాత కొన్నాళ్ళు కంచెకు అవతల తెలుగు వినిపించలేదు. ఆ కొన్నాళ్ళూ నాకు రోజులు తిరిగి తొలినాళ్ళంత పొడవయ్యాయి. ఇచ్చేస్తే పోయేదేమో అని లాండ్రీ గది అరమీద ఉన్న కత్తిని ఎన్నోసార్లు తాకి చూశాను. చివరికి ఆమే వచ్చింది, గిన్నెలో చేమాకు కూరతో. గిన్నె అందిస్తూ, "ఉన్నాదా?" అంది.

"ఉంది."

"ఇయ్యకు."

ఆగస్టు గడిచింది. పాత కాడలకు కణుపు కణుపునా ఆకుపచ్చని మొలకలు పొటమరించాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే వేలితో తాకేది. రాత్రి నిద్ర పడుతోందా అని అడిగితే, "పడతాది. నిలబడినా పడతాది" అంది ఒకరోజు. అడగకుండానే మరొకరోజు, "ఊగుతాది గానీ, అంత తెల్లగా నేదు" అంది.

సెప్టెంబరులో ఛాతీనొప్పి అంటే కొడుకు ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. కారు ఎక్కుతూ నావైపు తిరిగి, కత్తి పట్టినట్టు పిడికిలి బిగించి చూపింది. ఉందని తల ఊపాను. మళ్ళీ రాలేదు.

అంత్యక్రియల్లో హిందీ భజనలు పాడారు. కొడుకు ఇంగ్లీషులో తల్లిని గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, అయిదో మాటకు ఆగిపోయాడు. తెలుగు ఎవ్వరూ మాట్లాడలేదు. మాట్లాడవలసినదాన్ని నేనే. ఆ మందిలో ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

డిసెంబరులో ఆ వరుస కాసింది. ఎవ్వరూ నీడవల కప్పలేదు, నీళ్ళు కూడా ఏదో తీరిక ఉన్నప్పుడే. అయినా పాత కాడలు పైనుంచి కిందివరకు ఎర్రబడ్డాయి. ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. నేను వెళ్ళి తలుపు తట్టి, కొడుకును పెరట్లోకి తీసుకువచ్చాను. అతను వంగి ఒక కాడను ఎత్తి చూశాడు. తరువాత గిన్నె తెచ్చాడు. వరుసకు అటు అతనూ ఇటు నేనూ నిలబడి కోశాం. మొదటి పండును అతను చిటికెనవేలికి తొడుక్కొని చూసి, ఇవి కాస్తాయని మమ్‌కు తెలుసా ఆంటీ అని అడిగాడు. తెలుసునని చెప్పాను.

జనవరి చివరికి కాసిన కాడలు గోధుమరంగుకు తిరిగి ఎండిపోయాయి. వాటి మొదళ్ళలో, వచ్చే ఏడాదికి కాయవలసిన కొత్తవి పచ్చగా నిలబడ్డాయి. లాండ్రీ గది అరమీదినుంచి కత్తి తీశాను. తాను కోస్తానన్నాడు కొడుకు. ఆకులు దూయమని చెప్పి, ఎండినవాటిని మాత్రం ఏరి గుప్పెటపట్టి వంగాను. నా వేటు ఆమె వేటు కాదు. ఒక్కొక్క కాడకు రెండు మూడుసార్లు పట్టింది. మొదటి గుప్పెడు తెగాక, కొసను నాలుకకు ఆనించాను. దుమ్మూ, కొంచెం చేదూ.

"రసమే నేదు" అన్నాను. నేను పుట్టి ఎప్పుడూ 'నేదు' అనలేదు.

కొడుకు తల ఎత్తాడు. అమ్మ ప్రతిసారీ అదే అనేది, దాని అర్థమేమిటని అడిగాడు. చెప్పాను. అతను ఆ మాటను పలకబోయి, సగంలో వదిలేసి, మోపు కట్టసాగాడు. తాడు ముడి మాత్రం అచ్చంగా ఆమె ముడే.

లారీ వచ్చినప్పుడు ఇద్దరం వాకిట్లోనే ఉన్నాం. ఇనుపచేయి డబ్బాను ఎత్తింది, బోర్లించింది, దించింది. లారీ మలుపు తిరిగింది.

"ఎల్లిపోనాది" అన్నాను.

అతను నాకేసి చూసి, మర్యాదగా తల ఊపి, ఖాళీ డబ్బాను లోపలికి ఈడ్చుకుపోయాడు.